పసివారి నాడీమండలంపై నిరంతర ఒత్తిడి

బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి, రాత్రి నిద్రలో పళ్లు కొరకడం, ఎనిమిదేళ్లు నిండిన తరువాత మళ్లీ పక్క తడపడం, చిన్న శబ్దానికే ఉలికిపడడం, చదువుకుంటూ చదువుకుంటూ తల వెంట్రుకలు పీక్కోవడం – ఇటువంటి లక్షణాలు గల పిల్లలను తల్లిదండ్రులు నేడు వైద్యుల వద్దకు తరచుగా తీసుకువస్తున్నారు. మొదట నులిపురుగుల మందు వేస్తారు. తరువాత స్కానింగు తీయిస్తారు. అమ్మమ్మగారుంటే దిష్టి కూడా తీస్తారు. పరీక్షలన్నీ సక్రమంగానే ఉన్నాయని నివేదిక వచ్చిన పిమ్మట, వీడు బడి ఎగ్గొట్టడానికి నటిస్తున్నాడనే నిర్ణయానికి వస్తారు. అది నటన కాదు. ఆ నొప్పి నిజమైనదే. అది పుట్టిన చోటు వేరు, బయటపడిన చోటు వేరు.

భయము – శరీరము

కుక్క వెంటపడినప్పుడు పిల్లవాడు ఎంత వేగంగా పరుగెత్తగలడో మనకు తెలుసు. అపాయాన్ని పసిగట్టిన మరుక్షణమే మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం హెచ్చరిక చేస్తుంది. మూత్రపిండాలపై టోపీల వలె అమరి ఉన్న అడ్రినల్ గ్రంథుల నుండి అడ్రినలిన్ వెలువడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాలకు పరుగు తీస్తుంది, జీర్ణకోశానికి రక్తప్రసారం తగ్గుతుంది. కొద్ది నిమిషాల తరువాత పీయూష గ్రంథి ప్రేరణతో కార్టిసాల్ అనే మరొక రసం విడుదలై శక్తిని సమకూరుస్తుంది. కుక్క వెళ్లిపోగానే ఇదంతా సద్దుమణుగుతుంది. దీనివలన హాని లేదు, ఇది ప్రాణరక్షణకు ఏర్పడిన ఏర్పాటు. ఏ రకమైన బాధ కలిగినా శరీరం ఒకే తీరున ప్రతిస్పందిస్తుందని కెనడాలో పనిచేసిన హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో ప్రకటించాడు. నేడు మనం వాడే 'ఒత్తిడి' అనే మాట వైద్యంలో స్థిరపడినది ఆయన పరిశోధనల తరువాతనే.

చిక్కెక్కడంటే, కుక్క వెళ్లిపోకపోతే? వారాంతపు పరీక్ష, ర్యాంకుల పట్టిక, ఇంట్లో చాటుగా వినిపించే ఉద్యోగభయం – ఇవి వెళ్లిపోయే కుక్కలు కావు. కార్టిసాల్ సహజంగా ఉదయం హెచ్చుగా ఉండి అర్ధరాత్రికి తగ్గిపోవాలి. నిరంతర ఒత్తిడిలో ఈ లయ చెడుతుంది. రాత్రి తగ్గవలసినది తగ్గదు, కనుక నిద్ర పట్టదు. నిద్ర లేనందున మరునాడు మెదడు మరింత సులభంగా బెదురుతుంది. జ్ఞాపకాలను పదిలపరచే హిప్పోక్యాంపస్ అనే భాగానికి కార్టిసాల్ ప్రభావం త్వరగా తగులుతుంది. నిదానాన్ని, ఆత్మనిగ్రహాన్ని ఇచ్చే ముందరి మెదడు పూర్తిగా పరిపక్వం కావడానికి ఇరవై ఏళ్లు దాటి మరికొంత కాలం పడుతుంది. అంటే పదేళ్ల పిల్లవానిలో హెచ్చరిక గంట పూర్తిగా తయారై ఉన్నది కాని, దానిని ఆపవలసిన చెయ్యి ఇంకా పెరుగుతూనే ఉన్నది. 'ఎంత చదివించినా గుర్తుండడం లేదు' అని బాధపడే తల్లిదండ్రులు ఈ సంగతి తప్పక గ్రహించాలి. అనేక సందర్భాలలో గుర్తుండకపోవడానికి కారణం చదువు తక్కువ కావడం కాదు, భయం ఎక్కువ కావడం.

మన గ్రంథాలు ఈ విషయాన్ని మరొక భాషలో చెప్పాయి. శిరస్సులో ఉండి బుద్ధిని, ఇంద్రియాలను నడిపేది ప్రాణవాయువు. భయం, శోకం, రాత్రి మేల్కొనడం, వేళ తప్పిన భోజనం – ఈ నాలుగూ వాతాన్ని ప్రకోపింపజేస్తాయి. చింతతో, భయంతో, నిద్రలేమితో ఉన్నవాడు తిన్నది మితమైన పథ్యాహారమే అయినా సరిగా జీర్ణం కాదని చరకుడు విమానస్థానంలో స్పష్టపరిచాడు. బడి బస్సు ఎక్కే వేళకు వచ్చే కడుపునొప్పికి ఇంతకన్న సూటియైన వివరణ అవసరం లేదు. ఓజస్సు క్షీణించినవాడు అకారణంగా భయపడతాడని, దుర్బలుడై ఎప్పుడూ ఏదో చింతిస్తుంటాడని కూడా ఆ మహర్షే చెప్పాడు. ఇక సుశ్రుతుడు శిశుపోషణ చెబుతూ బిడ్డను గద్దించరాదన్నాడు, నిద్ర నుండి హఠాత్తుగా లేపరాదన్నాడు, బెదరిపోతాడని కారణం కూడా చూపాడు. ఉదయం ఆరింటికి దుప్పటి లాగి, 'బస్సు వచ్చేసింది' అని కేకలు వేసే ఇళ్లలో ఈ ఒక్క మాట పాటించినా చాలు!

సైబరాబాద్ గడియారం

1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాళ్లగుట్టల నడుమ వెలసిన ఆ ఒక్క భవనం చుట్టూ హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు ఒక కొత్త నగరమే ఏర్పడినది. ఎన్నో మధ్యతరగతి కుటుంబాలు ఈ ఉద్యోగాలతోనే నిలదొక్కుకున్నాయి, కనుక వాటిని నిందించడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రాంతపు ఇళ్లలో గడియారం ఎట్లా నడుస్తున్నదో మాత్రం వైద్యుడు చూడక తప్పదు.

శీతకాలంలో న్యూయార్కులో ఉదయం 10 గంటలైతే మనకు రాత్రి 8.30. కాలిఫోర్నియాలో ఉదయం 10 అయితే మనకు రాత్రి 11.30. ఉద్యోగి 'కాల్' అని పిలిచే ఆ సంభాషణ సరిగ్గా పిల్లలు అన్నం తిని, కథ విని, పడుకోవలసిన వేళకు వస్తుంది. తలుపు మూసి ఉంటుంది, బయట పిల్లవాడు 'ష్... నాన్న కాల్‌లో ఉన్నారు' అన్న మాట వింటూ ఫోను తెర చూస్తూ కూర్చుంటాడు. నాన్న బయటికి వచ్చేవరకు నిద్రపోడు. ఆ తెర వెలుతురు నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను వెనుకకు నెడుతుంది. ఉదయం ఏడు గంటలకే బస్సు. 6 నుండి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏళ్లవారికి 8 నుండి 10 గంటలు నిద్ర అవసరమని అమెరికా నిద్రావైద్యుల సంఘం 2016లో నిర్ధారించినది. మీ ఇంటి లెక్క మీరే వేసుకోండి.

దీనికి తోడు చదువు. జూనియర్ కళాశాలల విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నీరదారెడ్డి కమిటీని నియమించినది. నాడు ఇంటర్మీడియట్ విద్యార్థుల సమస్యగా ఉన్న పోటీ నేడు 'ఐఐటీ ఫౌండేషన్' పేరుతో 6వ తరగతికి దిగివచ్చింది. 2022 తరువాత సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఉద్యోగాల తొలగింపులు మొదలైనప్పటి నుండి మరొక భయం కూడా చేరినది. పెద్దలు గుసగుసగా మాట్లాడుకుంటే పిల్లలకు వినబడదనుకోవడం పొరపాటు. గుసగుసనే వాళ్లు ఎక్కువ శ్రద్ధగా వింటారు.

పూర్వం ఇంట్లో నాయనమ్మ ఉండేది. తండ్రి కోపగించుకుంటే పిల్లవాడు ఆమె చెంగు చాటుకు పోయేవాడు. ఇప్పుడు నాయనమ్మ గుంటూరులోనో ఖమ్మంలోనో ఉంటుంది, లేదా చిన్నకూతురి పురిటికి ఆరు నెలలు అమెరికాలో ఉంటుంది. ఇది వేళాకోళానికి చెప్పినది కాదు. నేటి పరిశోధకులు పిల్లల ఒత్తిడిని మూడు విధాలుగా విభజించారు: మేలు చేసేది, తట్టుకోగలిగినది, విషప్రాయమైనది. రెండవది మూడవదిగా మారకుండా ఆపేది బిడ్డకు ఆసరాగా ఉండే ఒక పెద్దదిక్కు. ఆ పెద్దదిక్కు ఉన్న బిడ్డలో కార్టిసాల్ త్వరగా యథాస్థితికి వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. 1998లో అమెరికాలో ఫెలిట్టి బృందం 9,508 మంది పెద్దలను ప్రశ్నించి, బాల్యంలో హింస, ఇంట్లో తాగుడు వంటి కష్టాలు ఎన్ని ఎక్కువ అనుభవిస్తే తరువాతి వయసులో మనోవ్యాధులు, హృద్రోగాలు అంత ఎక్కువగా ఉన్నట్లు చూపినది. దానిని చదివి, హోంవర్కు చేసే ప్రతి బిడ్డకూ గుండెజబ్బు వస్తుందని బెదిరిపోరాదు. అవి తీవ్రమైన కష్టాల లెక్కలు. మన పిల్లల నాడీమండలం విరిగిపోలేదు, అలసిపోయినది. అలసినది తిరిగి కోలుకుంటుంది.

జ్ఞాపకశక్తి లేహ్యం ఇవ్వండి

మణికొండ నుండి ఒక దంపతులు తొమ్మిదేళ్ల బాలుని తీసుకువచ్చారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. ఆదివారం సాయంత్రం నుండి బొడ్డు చుట్టూ నొప్పి, శుక్రవారం రాత్రికి మాయం. "డాక్టరుగారూ, నొప్పి సంగతి పిల్లల వైద్యులు చూశారు, ఏమీ లేదన్నారు. జ్ఞాపకశక్తికి ఏదైనా మంచి లేహ్యం ఇవ్వండి" అన్నది తల్లి. పిల్లల జబ్బుకు తల్లి నాడి కూడా చూడమని మా గురువుగారు నేర్పారు. చూశాను. బిడ్డకన్న ఆమె నాడిలోనే వాతం ఎక్కువగా ఉన్నది. "అమ్మా, నువ్వు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు?" అని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకున్నది.

నేను లేహ్యం ఇవ్వలేదు. రాత్రి 8 నుండి 8.30 వరకు తల్లి గాని తండ్రి గాని, వంతులవారీగా, ఫోను మరొక గదిలో పెట్టి బిడ్డ దగ్గర కూర్చోవాలన్నాను. ఆ అరగంటలో చదువు మాట ఎత్తరాదు. పాదాలకు నూనె రాయాలి. ట్యూషన్లలో ఒకటి మానిపించాలి. తండ్రి మొదట ఒప్పుకోలేదు, ఆ అరగంటకు పై అధికారి అనుమతి కావాలన్నాడు. చివరకు కాల్‌ను అరగంట జరిపించుకున్నాడు. ఆరు వారాలకు నొప్పి వారానికి ఒకనాటికి తగ్గినది. పూర్తిగా పోలేదు, పరీక్షల ముందు ఇప్పటికీ వస్తుంది. కాని అది ఎందుకు వస్తున్నదో ఇప్పుడు బాలునికీ తెలుసు.

యుక్తిచేత ఔషధాహారాలు ఇవ్వడం ఒక చికిత్స అయితే, మనసును అహితమైన విషయాల నుండి మళ్లించడం మరొక చికిత్స. దానిని చరకుడు సత్త్వావజయమన్నాడు. పై అరగంట అటువంటిదే.

ఇంట్లో చేయదగినవి

పాదాభ్యంగం అన్నిటికన్న తేలిక. రెండు చెంచాల నువ్వుల నూనెను గోరువెచ్చగా చేసి, పడుకునే ముందు రెండు పాదాలకు ఐదేసి నిమిషాలు మృదువుగా మర్దించి, పాత గుడ్డతో తుడవాలి. జలుబు, జ్వరం, అజీర్ణం ఉన్న రోజుల్లో వద్దు. నూనె గుణం ఒక ఎత్తు, తల్లి చేతి స్పర్శ మరొక ఎత్తు. ఆదివారం నాడు తలంటు పోసి, సున్నిపిండితో నలుగు పెట్టడం మన ఇళ్లలో ఉన్న ఆచారమే. దానిని పది నిమిషాల షాంపూ స్నానానికి వదులుకోవద్దు.

రాత్రి భోజనం ఏడున్నర లోపు ముగించాలి. వేడి అన్నం, పెసరకట్టు లేదా చారు, చెంచాడు నెయ్యి, చివర పలుచని మజ్జిగ చాలు. పదింటికి ఇంటికి తెప్పించే పిజ్జా పిల్లవాని నిద్రకు శత్రువు. ఉదయం బడికి పోయే ముందు ఏమీ సహించని పిల్లలకు రాగిజావ ఇవ్వవచ్చు. సరస్వతి ఆకు, అంటే మండూకపర్ణి, కుండీలో కూడా పెరుగుతుంది. ఆరేళ్లు దాటిన పిల్లలకు నాలుగైదు ఆకులు పప్పులోనో పచ్చడిలోనో వేసి వారానికి రెండుసార్లు పెట్టవచ్చు. చరకుడు చెప్పిన నాలుగు మేధ్య రసాయనాలలో ఇదొకటి. కాని తిన్న మరునాడే ర్యాంకు వస్తుందని ఆశించకండి.

ఏడేళ్లు దాటిన పిల్లలకు భ్రామరి నేర్పండి. ముక్కుతో గాలి పీల్చి, తుమ్మెద నాదంతో నెమ్మదిగా వదలాలి. ఐదారు పర్యాయాలు చాలు. శ్వాస వదిలేటప్పుడు వేగస్ నాడి పనిచేసి గుండె వేగాన్ని తగ్గిస్తుంది, అందుకే వదలడం పీల్చడం కన్న దీర్ఘంగా ఉండాలి. పిల్లలకు ఇది ఆటగా ఉండాలే గాని మరొక హోంవర్కు కారాదు. ఇక సాయంత్రం ఒక గంట ఆరుబయట ఆట. దీనికి ప్రత్యామ్నాయం నాకు తెలియదు.

చేయరానివి కొన్ని ఉన్నాయి. మాటలు రావాలని, తెలివి పెరగాలని వసకొమ్ము అరగదీసి నాకించే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. వసలోని అసరోన్ అనే పదార్థం హానికరమని తేలినందున అమెరికాలో 1968లోనే ఆహారంలో దానిని నిషేధించారు. శోధన, మోతాదు తెలియకుండా ఇంట్లో వాడవద్దు. నిద్ర కోసం గసగసాలు నూరి పాలలో పట్టడం అపాయకరం. పసరు మందు కదా అని, భస్మాలు కలిసిన గుళికలు గాని, అశ్వగంధ గాని పిల్లలకు స్వయంగా కొని ఇవ్వవద్దు. బిడ్డ ఏడుస్తుంటే బూచిని పిలుస్తానని బెదిరించడాన్ని కూడా శాస్త్రం వద్దన్నది.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు

బరువు తగ్గడం, నొప్పితో రాత్రి నిద్ర లేవడం, మలంలో రక్తం, స్పృహ తప్పడం, మూర్ఛ, ఉదయం తలనొప్పితో వాంతులు – వీటిని ఒత్తిడి ఖాతాలో వేయకుండా వెంటనే పిల్లల వైద్యునికి చూపించాలి. రెండు వారాలకు మించి బిడ్డ ఆటలు మాని మూగగా ఉన్నా, తనను తాను గాయపరచుకున్నా, చచ్చిపోతానన్న మాట నోట వచ్చినా, అది అలుగుడు అనుకోవద్దు. ఎర్రగడ్డ అనే ఊరిపేరును మనం తిట్టుగా మార్చుకున్నాం. ఆ సిగ్గుతోనే మనోవైద్యుల వద్దకు పోవడానికి వెనుకాడుతున్నాం. మా ఆయుర్వేద కళాశాల కూడా ఆ ఎర్రగడ్డలోనే ఉన్నది మరి! 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న పిల్లలు తామే 1098కి ఫోను చేయవచ్చు. ఈ రెండు నంబర్లనూ బిడ్డకు అందే ఎత్తులో గోడపై రాసి ఉంచండి.