పేరు మారినా నంబరు మారని వరి

దాళ్వాకు విత్తనం కోసం వెళ్ళిన గోదావరి రైతు ‘కాటన్‌దొర సన్నాలు ఉన్నాయా?’ అని అడగడం అరుదు. ‘వెయ్యి పది ఉందా?’ అంటాడు. సార్వాకైతే ఒకరు స్వర్ణ అంటారు, ఇంకొకరు 7029 అంటారు. రెండూ ఒకటేనని అడిగేవాళ్ళకూ తెలుసు, అమ్మేవాళ్ళకూ తెలుసు. ఒకే వంగడానికి పిలుచుకోవడానికి ఒక పేరు, గుర్తుపట్టడానికి ఒక నంబరు. కంప్యూటర్ ప్రోగ్రాములకు తగిలించే ప్లగిన్‌ల విషయంలోనూ పాటించేది ఈ పద్ధతే.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో 1925లో వరి పరిశోధన స్థానం ఏర్పడింది. అక్కడ పుట్టిన వంగడానికి ముందు ‘ఎంటీయూ’ అన్న మూడక్షరాలు, వెనక ఒక నంబరు వస్తాయి. 1982లో విడుదలైన స్వర్ణ ఎంటీయూ 7029. 2000లో వచ్చిన కాటన్‌దొర సన్నాలు ఎంటీయూ 1010. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి బీపీటీ 5204. నెల్లూరు వంగడాలకు ఎన్‌ఎల్‌ఆర్, శ్రీకాకుళం దగ్గరి రాగోలు వంగడాలకు ఆర్‌జీఎల్. రేపు బాపట్లవాళ్ళు కూడా తమ వరికి 1010 అని పెట్టుకున్నా తగాదా రాదు. ముందున్న అక్షరాలు ఏది ఎవరిదో చెబుతాయి. తన పరిధిలో నంబరు తిరిగి రాకుండా చూసుకుంటే చాలు, ఏ స్థానమూ మిగతావాళ్ళను అడగనక్కరలేదు.

ఇక ప్లగిన్ సంగతి. పెద్ద ప్రోగ్రాముకు కొత్త పని నేర్పడానికి తగిలించే చిన్న ప్రోగ్రామే ప్లగిన్. ‘తెలుగు టైపింగ్’ పేరుతో నలుగురు నాలుగు ప్లగిన్‌లు చేయవచ్చు. తెరమీద కనిపించే ఆ పేరు మన కోసం. పెద్ద ప్రోగ్రాము చూసేది దాని వెనకున్న ఐడీని. కొత్త వెర్షన్ రాగానే దేన్ని తీసి దేన్ని పెట్టాలి, మీరు దాచుకున్న సెట్టింగులు దేనివి, ఒక ప్లగిన్‌కు ఇంకొకటి అవసరమైతే ఎక్కడ వెతకాలి అన్నవన్నీ ఐడీని బట్టే తేలతాయి.

అందుకే చాలాచోట్ల ఐడీని తిరగేసిన వెబ్ చిరునామాతో మొదలుపెడతారు. జావా భాషతో బాగా వ్యాపించిన అలవాటు ఇది. మీ చిరునామా ‘నావరి.ఇన్’ అనుకుందాం. ప్లగిన్ ఐడీ ‘ఇన్.నావరి.టైపింగ్’ అవుతుంది. ఉత్తరం మీద ఇంటి నంబరుతో మొదలుపెట్టి జిల్లా దాకా వెళ్తాం. ఇక్కడ జిల్లాతో మొదలుపెట్టి ఇంటికి వస్తాం. ఒక వెబ్ చిరునామా ఒక సమయంలో ఒక్కరి పేరు మీదే ఉంటుంది కాబట్టి ఐడీ ఇంకొకరి దానితో కలవదు.

యజమాని గుర్తు లేని ఒట్టి పేర్లతో ప్రమాదం ఉంది. ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారంలో ‘క్రాస్-ఎన్వ్’ బాగా వాడుకలో ఉన్న ప్యాకేజీ. 2017లో ఎవరో మధ్యలోని అడ్డగీత తీసేసి అదే పేరుతో ఒక నకిలీని పెట్టారు. పొరపాటున దాన్ని దించుకున్నవాళ్ళ కంప్యూటర్లలోని రహస్య వివరాలను అది బయటికి పంపించేది. ఒక్క గీత తేడా అంత పని చేసింది. పెద్ద, చిన్న అక్షరాలతోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఫైలు పేర్లలో ఆ తేడాను విండోస్ మామూలుగా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. అందుకే ఐడీలో ఇంగ్లిషు చిన్నక్షరాలే వాడడం క్షేమం.

ఐడీలో ఏం పెట్టకూడదన్నది ఇంకా ముఖ్యం. రేపు మారేదేదీ అందులో ఉండకూడదు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా పుట్టిన, మార్టేరు స్థానాన్ని నడిపే సంస్థ 1996లో ఆచార్య ఎన్‌.జి. రంగా పేరు పెట్టుకుంది. 2022లో గోదావరి జిల్లాల హద్దులు మారాయి. స్వర్ణ నంబరులో విశ్వవిద్యాలయం పేరో జిల్లా పేరో ఉండి ఉంటే ఎప్పుడో పాతబడేది. ఊరిని పట్టుకుంది కాబట్టి నిలిచింది. రైల్వేవాళ్ళదీ ఇదే పట్టుదల. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది, స్టేషన్ కోడ్ మాత్రం ఆర్‌జేవై. కాకినాడ టౌన్ కోడ్ సీసీటీలో తొలి అక్షరం ‘కోకనాడ’ నాటిది. బోర్డు మీద పేరు మార్చవచ్చు. కోడ్ మారిస్తే దాని మీద ఆధారపడిన ప్రతి లెక్కా మార్చాలి. గూగుల్ ప్లేలో పెట్టిన ఆప్‌కు ఐడీ మార్చితే అది వేరే ఆప్ కిందే లెక్క. పాతదాన్ని వాడుతున్నవాళ్ళకు కొత్త వెర్షన్ అందదు.

మరి అసలు వస్తువే మారితే? ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే వరిలో ముంపును తట్టుకునే సబ్1 జన్యుభాగం ఉంది. దాని వల్ల నీళ్ళలో మునిగిన మొక్క పైకి సాగడానికి ఉన్న శక్తినంతా ఖర్చుపెట్టకుండా, ఎదుగుదల ఆపి, వరద తీసేదాకా ఓపిక పడుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సంకరంతో ఆ గుణాన్ని మన స్వర్ణలోకి తెచ్చారు. ఒక రకంగా స్వర్ణకు తగిలించిన ప్లగిన్ అది. 2009లో మన దేశంలో విడుదలైన ఆ వంగడం రెండు వారాల దాకా ముంపును తట్టుకోగలదు. దానికి 7029 నంబరు ఇవ్వలేదు, ‘స్వర్ణ-సబ్1’ అన్నారు. మూలం ఏదో, చేర్చింది ఏదో ఆ పేరులోనే ఉంది. 7029 అడిగిన రైతుకు ఇప్పటికీ 7029 దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. చిన్న సవరణకు వెర్షన్ అంకె పెంచితే చాలు. పాతదాని స్థానంలో ఇమడనంతగా మారినదానికి కొత్త ఐడీ ఇవ్వాలి.

కాకినాడలోనో భీమవరంలోనో మొదటి ప్లగిన్ రాస్తున్న పిల్లలకు ఒక మాట. తెరమీది పేరు నచ్చినట్టు పెట్టుకోండి, నచ్చకపోతే మార్చుకోండి. ఐడీని మాత్రం ఖాయం చేసే ముందు ఒకసారి స్నేహితుడికి ఫోనులో చెప్పి, విన్నది విన్నట్టు రాయమనండి. ‘వెయ్యి పది’ అన్నంత తేలిగ్గా, తప్పు లేకుండా అవతలికి చేరితే దాన్నే ఉంచండి.