మీకు తెలుసా? కడుపుతో ఉన్నా వ్యాయామం మంచిదే!

ఏ ఇబ్బందీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుగ్గా నడిస్తే సరిపోతుంది. మొదలుపెట్టే ముందు డాక్టరును అడగడం తప్పనిసరి.

• నడుస్తూ హాయిగా మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టే. ఆయాసంతో మాట ఆగిపోతుంటే తగ్గించండి.

• రిలాక్సిన్ అనే హార్మోన్ వల్ల కీళ్లు వదులవుతాయి. పొట్ట పెరిగేకొద్దీ తూలే ప్రమాదమూ ఎక్కువే. గెంతులు వద్దు.

• నాలుగో నెల దాటాక వెల్లకిలా పడుకుని చేసేవి మానండి. గర్భసంచి బరువుకు పెద్ద రక్తనాళం నొక్కుకుపోయి కళ్లు తిరగొచ్చు.

• రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ఛాతీనొప్పి, పిక్కల్లో వాపు కనిపిస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లండి.