బొమ్మ కారు మీద వెండి గీత: నిగనిగలాడే పెయింట్‌పై ట్రిమ్ వేస్తే ఎందుకు చెడిపోతుంది? ఎలా కాపాడుకోవాలి?

నాన్న రైల్వేలో రిటైరవ్వడానికి రెండు రోజుల ముందు, ఆయనకు ఇద్దామనుకున్న తెల్ల అంబాసిడర్ బొమ్మను నా చేతులతో నేనే పాడు చేశాను.

ప్లాస్టిక్ కారును విడదీసి, స్ప్రే డబ్బాతో తెల్లరంగు వేశాను. అద్దంలా వచ్చింది. ఇక మిగిలింది తలుపుల పక్కన సాగే వెండి బీడింగ్, కిటికీల చుట్టూ ఉండే అంచు. బ్రష్ జారి, వెండి రంగు కొద్దిగా పక్కకు పోయింది. తుడిచేద్దామని గుడ్డకు థిన్నర్ అద్ది రుద్దాను. వెండితో పాటు తెల్లరంగు కూడా ఊడి వచ్చేసింది. కింద ప్లాస్టిక్ కూడా మసకబారింది.

బిలాస్‌పుర్ రైల్వే కాలనీలో మాలాంటి తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇది ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. కానీ 2003 వరకు బిలాస్‌పుర్, వాల్తేరు డివిజన్లు రెండూ ఒకే ఆగ్నేయ రైల్వే కింద ఉండేవి. ఉద్యోగాలతో, బదిలీలతో ఇటు వచ్చినవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. ఆ తరానికి ఆఫీసు కారు అంటే అంబాసిడరే. 2014లో దాని తయారీ ఆగిపోయింది కాబట్టి, ఇప్పుడు బొమ్మగానైనా ఇంట్లో ఉండాలనుకునేవారు ఎక్కువే.

ఇంతకీ నేను చేసిన తప్పేంటి?

ఆరిన రంగు మళ్లీ ఎందుకు కరుగుతుంది?

పెయింట్లు ఆరే పద్ధతి ఒకటి కాదు.

మామూలు స్ప్రే డబ్బాల్లో ఎక్కువగా ఉండేది లాకర్ రకం. అందులోని ద్రావకం ఆవిరైపోతే రంగు గట్టిపడుతుంది, అంతే. మళ్లీ అదే ద్రావకం తగిలితే మళ్లీ కరుగుతుంది. నా థిన్నర్ చేసింది ఇదే.

ఎనామెల్ అలా కాదు. అందులోని నూనె రకం రెసిన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. కొన్ని గంటల్లో చేతికి అంటకుండా ఆరినా, లోపల పూర్తిగా గట్టిపడటానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా దాని మీద లాకర్ వేస్తే ముడతలు పడుతుంది.

మూడోది నీళ్లతో పలచన చేసే యాక్రిలిక్. కింది పొరను ఇది పెద్దగా ఇబ్బంది పెట్టదు. కానీ నున్నటి ఉపరితలాన్ని గట్టిగా పట్టుకోదు. గోరు తగిలితే లేచిపోవచ్చు.

దీనికి మన ఇంటి ఉదాహరణే ఉంది. ఏటికొప్పాక బొమ్మల మెరుపు లక్కది. తిరిగే కొయ్యకు లక్క కడ్డీ ఆనించినప్పుడు పుట్టే వేడికి లక్క కరిగి పూతలా పరుచుకుంటుంది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కుసుమ్, మోదుగ చెట్ల మీద పెంచేదీ ఈ లక్కనే. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. అందుకే లక్క బొమ్మపై స్పిరిట్ మార్కర్‌తో గీస్తే కింది పూత కూడా చెదురుతుంది.

అంటే సూత్రం ఒక్కటే: పైన వేసే రంగులోని ద్రావకం కింది పొరను కరిగించేది కాకూడదు.

మరి ఏ రంగు మీద ఏది?

బాడీ లాకర్ అయితే, ట్రిమ్‌కు ఎనామెల్ వాడటం భద్రం. గీత పక్కకు పోతే, హార్డ్‌వేర్ షాపుల్లో టర్పెంటైన్ పేరుతో దొరికే ద్రావకంలో ఇయర్ బడ్‌ను కొద్దిగా తడిపి తుడవొచ్చు. వెండి పోతుంది, తెలుపు ఉంటుంది. ముందుగా కారు అడుగున, ఎవరికీ కనిపించని చోట పరీక్షించుకోవాలి.

ఇక్కడే నున్నదనం మనకు సాయపడుతుంది. మ్యాట్ ఉపరితలంలోని సన్నటి గుంతల్లోకి రంగు దిగిపోతుంది, తుడిచినా మరక మిగులుతుంది. గ్లాసీ పూతపై ఆ సమస్య తక్కువ.

కానీ అదే నున్నదనం రంగును పట్టుకోనివ్వదు కూడా. వేలి జిడ్డు, మైనం, సిలికాన్ పాలిష్ ఉంటే రంగు తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుంటుంది. అందుకే పాలిష్ పని ట్రిమ్ తర్వాతే పెట్టుకోవాలి. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక అంచులు పట్టుకునే పని చేయాలి.

గీత ఎంత సన్నగా ఉండాలి?

అసలు కారుపై 12 మిల్లీమీటర్ల వెడల్పున్న బీడింగ్, 1:24 స్కేల్‌లో అర మిల్లీమీటరు. 1:43లో 0.3 మిల్లీమీటరు కూడా ఉండదు.

బీడింగ్ ఉబ్బెత్తుగా ఉంటే బ్రష్ కొనతో గీయొద్దు. దాదాపు ఆరిన బ్రష్ పక్క భాగాన్ని ఆ గట్టు మీదుగా లాగితే, రంగు గట్టుకే అంటుతుంది.

ఉబ్బు లేకపోతే మాస్కింగ్ టేపు అవసరం. అంచును గోటితో నొక్కాక, ముందు బాడీ రంగునే పలచగా టేపు అంచున వేయాలి. సందుల్లోకి పాకేది ఆ రంగే కాబట్టి బయటికి కనిపించదు. అది ఆరాక ట్రిమ్ రంగు వేసి, పూర్తిగా గట్టిపడకముందే టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి.

అసలు క్రోమ్‌లా మెరవాలంటే, జిగురు పూసిన పలచటి అల్యూమినియం రేకు మేలు. దాన్ని అతికించి, ఇయర్ బడ్‌తో రుద్ది, కొత్త బ్లేడుతో అంచులు కోయాలి. బ్లేడు పాతదైతే రేకు చిరుగుతుంది. చేతిలో బలం పెడితే కింది పెయింట్ తెగుతుంది.

క్రోమ్ రంగు వాడితే దాన్ని చివరగా వేయాలి. దానిపై క్లియర్ కోట్ వేస్తే చాలా రకాలు బూడిద రంగుకు తిరుగుతాయి.

వాతావరణాన్నీ చూసుకోవాలి

వానాకాలంలో ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని తేమ అక్కడ చేరి మెరుపు పాలలా తెల్లబారుతుంది. బిలాస్‌పుర్ మే నెల ఎండల్లో దీనికి పూర్తి వ్యతిరేకం: బ్రష్ మీదే రంగు ఎండిపోతుంది. పొద్దున్నే, నీడలో పని చేసుకోవడం నయం. థిన్నర్ ఆవిరి మంచిది కాదు, పైగా మండుతుంది. కిటికీలు తెరవాలి, దగ్గర్లో స్టవ్ వెలిగించకూడదు.

బాడీ ఆరిందో లేదో తెలుసుకోవడానికి వాసన చూడండి. పెయింట్ వాసన వస్తుంటే ఇంకా ఆరలేదు. టేపు వేస్తే గుర్తు పడుతుంది.

రిటైర్మెంట్ రోజున ఆ అంబాసిడర్‌ను పాడైన వైపు గోడకు తిప్పి టేబుల్ మీద పెట్టాం. నాన్న మొదట చేసిన పని, దాన్ని చేతిలోకి తీసుకుని అటు తిప్పి చూడటం. "ఇది డెంటింగ్‌కు వెళ్లాల్సిన బండిలా ఉందే" అన్నారు.

నెల తర్వాత ఆ వైపు మళ్లీ తెల్లరంగు వేశాను. వారం ఆగాను. ఈసారి వెండి గీత ఎనామెల్‌తో వేశాను. రెండుసార్లు జారింది, రెండుసార్లూ తుడిచాను. తెలుపు చెక్కుచెదరలేదు.