ఒళ్లో కుంపటి... పొయ్యిలో ఆపిల్‌ మొద్దు!

బండి మీద ఎర్రగా నిగనిగలాడే కాశ్మీరీ ఆపిల్‌ రుచి మనకి తెలుసు. మరి ఆ పండు కాసిన చెట్టు సంగతో! కాపు ఉడిగాక కూడా అది అక్కడివాళ్లకి అక్కరకొస్తూనే ఉంటుంది. మొద్దులు పెళ్లివారి పొయ్యిలోకి, కొమ్మలు చలికాలపు కుంపట్లోకి వెళ్తాయి.

నిదానమే రుచి

కాశ్మీరీల పెళ్లి విందు పేరు వాజ్వాన్‌. నిండు విందులో 36 రకాల దాకా వడ్డిస్తారు. 'వాజా'లనే వంటవాళ్లు ఆరుబయట మొద్దులు పేర్చి, రాగి గుండిగల్లో రాత్రంతా వండుతారు. ఆపిల్‌, ప్లమ్‌, ఆప్రికాట్‌ లాంటి పండ్లచెట్ల కట్టెలంటే వాళ్లకి మక్కువ. గట్టి కలప కాబట్టి భగ్గున మండిపోదు, నిదానంగా కాలుతూ ఒకేలా సెగనిస్తుంది. పైన్‌ చెక్కలో జిగురెక్కువ. ఘాటైన పొగ, మసి వస్తాయి. పండ్లచెట్లతో ఆ బెడద తక్కువ. పైగా కలపలోని లిగ్నిన్‌ వేడికి విడిపోయి గ్వయకాల్‌ లాంటి పదార్థాలు పుడతాయి. పొగ పట్టిన వంటకి కమ్మని వాసన వచ్చేది వాటి వల్లే.

నలభై రోజుల చలి

డిసెంబరు 21న మొదలయ్యే 'చిల్లై కలాన్‌' నలభై రోజులూ ఎముకలు కొరికే చలి. మట్టి పిడత చుట్టూ సన్నని పుల్లలతో బుట్ట అల్లితే అదే కాంగ్‌డీ. అందులో నిప్పులు వేసుకుని, వదులైన ఫెరన్‌ లోపల పెట్టుకుని తిరుగుతారు. ఆ బొగ్గులో చాలా భాగం తోటల్లో కత్తిరించిన కొమ్మలు, రాలిన ఆకుల నుంచి వచ్చేదే.

వెచ్చదనం వెనక...

చుట్టూ కొండలున్న లోయ కావడంతో బొగ్గు కాల్చిన పొగ చలికి అక్కడే కమ్ముకుంటుంది. ఏళ్ల తరబడి కాంగ్‌డీ సెగ తగిలినవారికి తొడల మీద, పొట్ట మీద చర్మక్యాన్సర్‌ రావడాన్ని ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే గుర్తించాడు. అంతకన్నా పెద్ద ప్రమాదం తలుపులు మూసిన గదిలో ఉంది. నిప్పుల నుంచి వచ్చే కార్బన్‌ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అరకు, లంబసింగి చలిలో బొగ్గుల కుంపటి వెలిగించేవారికీ ఇది వర్తిస్తుంది. కాస్త కిటికీ తెరిచాం కదా అన్న ధీమా పనికిరాదు. చలి కాచుకోవడం ఆరుబయటే మేలు. పడుకునే గదిలోకి మాత్రం నిప్పుల్ని రానివ్వకూడదు, అవి ఏ చెట్టువైనా సరే!