మోటారు సైకిలు జిడ్డు – సురక్షితమైన ప్రక్షాళన

పుదుచ్చేరి నుండి కడలూరు పోయే రహదారిపై అరియాంకుప్పం ఉన్నది. ఒక ప్రక్క ఆ ఊరి పేరే గల నది, కొద్ది దూరంలో బంగాళాఖాతం. ఇక్కడ గాలిలో ఎప్పుడూ ఉప్పు ఉంటుంది. విధులకు మోటారు సైకిలుపై పోయివచ్చేవారి వాహనాలకు రోడ్డు దుమ్ము, ఇంజను నూనె, చైను గ్రీజు, ఈ ఉప్పు కలిసి నల్లని మడ్డిగా పేరుకొంటాయి. ఆదివారం ఉదయం దానిని వదిలించే కార్యక్రమం ఇంటింటా కనిపించేదే. ఏ ద్రవంతో వదిలించాలి అనే ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. వాహనం మన్నిక, బ్రేకుల పనితనం, ఇంట్లో పిల్లల ప్రాణాలు, నదిలోని చేపలు కూడా దీనితో ముడిపడి ఉన్నందున మేము ఈ విషయాన్ని కొంత విస్తరించి వ్రాయదలచినాము.

పూర్వం దీనికి అందరూ వాడినది కిరోసిన్. వంట గ్యాసు వ్యాపించిన తరువాత పుదుచ్చేరిలోను, ఆంధ్రప్రదేశ్‌లోను రేషను కిరోసిన్ నిలిచిపోయినది. ఆ అలవాటు మాత్రం పోలేదు. కిరోసిన్ దొరకనివారు పెట్రోలు వైపు తిరిగినారు. ఇది ఎంతమాత్రము మంచి మార్పు కాదు.

ద్రవం నుండి వెలువడే ఆవిరి, నిప్పు తగిలితే అంటుకొనేంతగా ప్రోగయ్యే కనీస ఉష్ణోగ్రతను జ్వలన స్థానం అంటారు. పెట్రోలుకు అది సున్నాకు దిగువన సుమారు 40 డిగ్రీల సెల్సియస్. అనగా మన దేశంలో ఏ ఋతువులోనైనా, ఏ వేళనైనా మూత తీసిన పెట్రోలు అంటుకొనడానికి సిద్ధంగానే ఉంటుంది. దాని ఆవిరి గాలి కంటె మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోయి చెదరదు. నేల వెంబడి ప్రాకి వంటింటి పొయ్యిని గాని, తులసికోట దగ్గరి దీపాన్ని గాని చేరుకొంటుంది. గాలిలో 1.4 శాతం ఉంటే చాలును, మండుతుంది. ఇక కిరోసిన్ సంగతి. దాని జ్వలన స్థానం 35 డిగ్రీలకు తగ్గరాదని భారతీయ ప్రమాణం. చలి దేశాలలో ఇది భరోసా ఇచ్చే అంకె. మే నెల మధ్యాహ్నం ఎండలో కాలిన సిమెంటు నేల ఆ అంకెను సులభంగా దాటుతుంది. మరొక సంగతి చాలామందికి తెలియదు: నిప్పురవ్వ లేకుండా కేవలం వేడికే కిరోసిన్ దాదాపు 210 డిగ్రీల వద్ద మండగలదు, పెట్రోలుకు అంతకంటె ఎక్కువ వేడి కావలెను. అప్పుడే ఆగిన బండి సైలెన్సరుపై కిరోసిన్ చల్లడం ఎంత అపాయమో దీనినిబట్టి గ్రహించవచ్చును.

అగ్ని కంటె మమ్ములను ఎక్కువ కలవరపెట్టే విషయం మరొకటి ఉన్నది. మిగిలిన కిరోసిన్‌ను, పెట్రోలును కూల్‌డ్రింకు సీసాలో పోసి కిటికీలో పెట్టడం. రెండు మూడేళ్ళ బిడ్డకు ఆ సీసా తెలిసిన సీసా. ఒక్క గుక్క త్రాగినా, పొలమారి ఊపిరితిత్తులలోకి పోతే తీవ్రమైన వాపు వస్తుంది. ఇట్టి సమయంలో వాంతి చేయించరాదు. వాంతితో ద్రవం మరల ఊపిరితిత్తులలో పడుతుంది. పాలు, నూనె త్రాగించరాదు. సీసాను వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. మన ఇండ్లలో ఈ సీసాలు ఉంటే ఈ రోజే తొలగించవలసినదిగా గృహిణులను కోరుచున్నాము. మగవారికి చెప్పి ప్రయోజనం తక్కువ.

ఇప్పుడు జిడ్డు ఎట్లు వదులుతుందో చూతము. మార్గాలు మూడు. మొదటిది కరిగించడం, పెట్రోలు, కిరోసిన్ చేసే పని ఇదే. రెండవది క్షారంతో జిడ్డును సబ్బుగా మార్చడం. మూడవది, ఒక కొన నీటిని, మరొక కొన నూనెను పట్టుకొనే అణువులతో జిడ్డును సన్నని బిందువులుగా విడగొట్టి నీటిలో తేలించడం. మన తలంటులో కుంకుడు రసం చేసేది ఈ మూడవ పనియే. కుంకుడులోని సపోనిన్లు అట్టి అణువులు.

రెండవ మార్గం విషయంలో చాలామంది పొరబడుతున్నారు. వంటపాత్రల జిడ్డు, మురుగు గొట్టాల జిడ్డు కాస్టిక్ సోడాతో పోతుంది గనుక ఇంజను జిడ్డు కూడ పోతుందని తలుస్తారు. వంటనూనె, నెయ్యి కొవ్వు జాతివి. క్షారంతో కలిసి సబ్బు అవుతాయి. ఇంజను నూనె భూమి నుండి తీసిన ఖనిజ తైలం. అది ఎంత కాస్టిక్ పోసినా సబ్బు కాదు. ఇంతలో కాస్టిక్ తన పని మరొకచోట చేస్తుంది: అల్యూమినియంను తింటుంది. ఇంజను కేసింగు, సిలిండరు హెడ్డు, అనేక చక్రాల రిమ్ములు అల్యూమినియం మిశ్రమ లోహాలే. ఆ లోహాన్ని కాపాడే ఆక్సైడు పొర ఆమ్లంలోను, క్షారంలోను కూడ కరుగుతుంది. హైడ్రోజను బుడగలు లేస్తాయి, లోహం నల్లబడుతుంది. జిడ్డు ఉన్నచోటనే ఉంటుంది. రిమ్ములు మెరిపిస్తామని అమ్మే ఆమ్ల ద్రవాలకు కూడ ఇదే అభ్యంతరం. వాటిలో కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, చర్మం గుండా ఎముక వరకు పోగల విషమది.

తీరప్రాంతవాసులు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. ఉప్పు నూనెలో కరగదు. కిరోసిన్‌తో చైను ఎంత శుభ్రపరచినా, కంటికి తళతళలాడినా, లింకుల మధ్య ఉప్పు అట్లే ఉంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటినప్పుడు ఆ ఉప్పు తేమను పీల్చుకొని తానే ద్రవమై ఇనుమును తుప్పు పట్టిస్తుంది. సముద్రపుటొడ్డున అట్టి ఉదయాలు అనేకం. కనుక అనంతపురంలోనో, నిజామాబాదులోనో కిరోసిన్‌తో సరిపెట్టుకొన్నవారు అరియాంకుప్పంలో, యానాంలో, విశాఖలో నీటిని ఆశ్రయించక తప్పదు. ఆ నీరు మంచినీరు కావలెను. బావిలో ఉప్పునీరు ఊరేచోట ఆ నీటితోనే కడిగితే చేసిన శ్రమ తలక్రిందులగును. చివరి కడుగుకు ఒక బకెట్టు కుళాయి నీరు చాలును.

ఈ కారణాలచేత నీటితో పనిచేసే డీగ్రీజరే మేము సిఫారసు చేయునది. అంగడిలో ఇవి పలు పేర్లతో దొరుకుతున్నవి. పేరును, డబ్బాపై బొమ్మను ప్రక్కనబెట్టి, తయారీదారు ఇచ్చే భద్రతా సమాచార పత్రం అడిగి చదవవలెను. ఇందు 16 విభాగాలుంటవి. మూడవది సమ్మేళనం, నాల్గవది ప్రథమ చికిత్స, తొమ్మిదవది జ్వలన స్థానం, పీహెచ్ మొదలైన భౌతిక ధర్మాలు. పీహెచ్ 7 నుండి 10 లోపు ఉన్నది, మంట అంటనిది, అల్యూమినియంకు హాని చేయదని స్పష్టంగా వ్రాసినది ఎంచుకొనుట మేలు. పీహెచ్ కొంత ఎక్కువైనా సిలికేటు లవణాలు కలిపి అల్యూమినియంను కాపాడే ద్రవాలు లేకపోలేదు, అయితే ఇంటి వాడకానికి అంత బలం అనవసరం. పాత్రలు కడిగే ద్రవం నీటిలో కలిపి వాడినా తేలికపాటి జిడ్డుకు సరిపోతుంది, బాగా కడిగివేయవలెను.

నారింజ తొక్కల వాసనతో 'సహజం' అని అమ్మేవాటి విషయంలో కొంత జాగ్రత్త అవసరం. వాటిలోని లిమొనీన్ మంచి ద్రావకమే. కాని అది కూడ మండుతుంది, జ్వలన స్థానం 48 డిగ్రీల ప్రాంతం. గాలి తగిలి పాతబడినకొద్దీ చర్మానికి పడకపోవడం, దద్దుర్లు రావడం కలదు. చేపలకు హానికరం. సహజమన్నంత మాత్రాన సాధువు కాదు. ఉమ్మెత్తకాయ కూడ సహజమే.

ఒకప్పుడు కర్మాగారాలలో జిడ్డు తీయడానికి ట్రైక్లోరోఇథిలీన్, కార్బన్ టెట్రాక్లోరైడు విరివిగా వాడినారు. మంట అంటదు, క్షణంలో ఆరుతుంది అని వాటికి పేరు. మొదటిది మానవులలో క్యాన్సరు కలిగించునదిగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించినది. రెండవది కాలేయాన్ని చెరచునదే గాక ఓజోను పొరను కూడ చెరచునది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ద్రావకంగా దాని వాడకం 2010 నాటికి మన దేశంలో నిలిపివేయబడినది. పాత స్టోర్లలో మూల ఎక్కడైనా డబ్బా మిగిలి ఉంటే ఇంటికి తెచ్చుకొనరాదు.

వాటికి బదులుగా వచ్చినవన్నీ నిరపాయకరములని అనుకొనుట కూడ తొందరపాటే. 1999–2000లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వాహన మెకానిక్కులు కొందరికి కాళ్ళు చేతులు తిమ్మిరెక్కి బలహీనపడినవి. వారు రోజూ వాడిన బ్రేకు క్లీనరు స్ప్రేలలోని హెక్సేను నరాలను దెబ్బతీసినదని వైద్యులు కనుగొన్నారు. ఆ స్ప్రేలలో ఎసిటోను కూడ ఉండి హెక్సేను ప్రభావాన్ని హెచ్చించినది. ఏడాదికి రెండుసార్లు ఆరుబయట వాడే మనకు అంత భయం లేదు. షెడ్డులో రోజంతా వాటి మధ్య గడిపే కుర్రవాడికి మాత్రం ఉన్నది.

ఇక పని విధానం. ఇంజను పూర్తిగా చల్లారవలెను. బండిని నీడలో నిలిపి, మొదట పొడిగానే వెదురు పుల్లతో, పాత పళ్ళ బ్రష్షుతో మడ్డిని గీకి తీయవలెను. సగం పని ద్రవం లేకుండానే అయిపోతుంది; దీనిని ఎవరూ చేయరు. తరువాత చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, కలిపిన ద్రవాన్ని కుంచెతో పూసి, నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆరిపోకముందే నెమ్మదిగా నీరు పోసి కడగవలెను. సర్వీసు కేంద్రాల వలె అధిక పీడనంతో నీరు కొట్టితే బేరింగులలోనికి, వైరింగు కప్లర్లలోనికి నీరు చొచ్చుకొని పోతుంది.

చైను విషయంలో బండితో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. రబ్బరు ఓ-రింగులున్న చైనుకు పెట్రోలు, థిన్నరు ససేమిరా తగదు. రింగులు ఉబ్బి పగిలి లోపలి గ్రీజు కారిపోతుంది. కొందరు తయారీదారులు కిరోసిన్ అనుమతిస్తారు, అప్పుడు కూడ గుడ్డ తడిపి తుడవడమే తప్ప నానబెట్టరాదు. ఏ ద్రవమైనా చక్రాన్ని చేతితోనే త్రిప్పవలెను. ఇంజను నడిపి, గేరు వేసి, తిరిగే చైనుకు గుడ్డ పట్టినవారు వేళ్ళు పోగొట్టుకొంటారు. గుడ్డ చిక్కుకొనుటకు, చెయ్యి లాగబడుటకు మధ్య ఆలోచించే వ్యవధి ఉండదు. కడిగిన తరువాత పూర్తిగా ఆరనిచ్చి వెంటనే నూనె పెట్టవలెను. తీరప్రాంతంలో ఒక రాత్రి ఆలస్యమైనా ఎర్రని తుప్పు కనిపిస్తుంది.

బ్రేకు డిస్కుపై డీగ్రీజరుతో కరిగిన నూనె పడకుండ ముందే ప్లాస్టిక్ సంచి కట్టవలెను. ప్యాడ్లు నూనె పీల్చినచో మార్చుటయే మార్గం. పని ముగిసిన తరువాత ఇంటి ముందరే నెమ్మదిగా నడిపి రెండు మూడుసార్లు బ్రేకు వేసి చూచి, ఆపై రహదారి ఎక్కవలెను. హెల్మెట్ అద్దం పాలీకార్బనేటుతో చేసినది. దానికి ఏ ద్రావకమూ తగలరాదు. సన్నని బీటలు వారి, అవసరమైన క్షణంలో పగులుతుంది.

కడిగిన నీరు ఎక్కడికి పోతుంది? వీధి కాలువకు. అక్కడి నుండి శంకరాపరణి పాయయైన అరియాంకుప్పం నదికి, మడచెట్ల నీడకు, వీరాంపట్టినం జాలరుల వలల వద్దకు. ఈ నది ఒడ్డుననే అరికమేడు ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వించినప్పుడు మధ్యధరా దేశాల మట్టి జాడీలు అక్కడ బయటపడినవి. అట్టి జాడీలలో ద్రాక్షసారాతో పాటు ఆలివ్ నూనె కూడ వచ్చేది. రెండు వేల ఏండ్ల క్రితం ఈ ఒడ్డుకు సముద్రంపై నూనె వచ్చినది, ఇప్పుడు ఇక్కడి నుండి సముద్రంలోనికి నూనె పోతున్నది.

డబ్బాపై 'జీవవిచ్ఛిన్నం అవుతుంది' అని ఉన్నంత మాత్రాన ఊరట లేదు. ప్రామాణిక పరీక్షలో 28 రోజులలో 60 శాతం విచ్ఛిన్నమైతే ఆ మాట వ్రాయవచ్చును, అదియూ డీగ్రీజరుకు మాత్రమే. అది వదిలించిన ఇంజను నూనెకు ఆ మాట వర్తించదు. కావున బండి క్రింద వెడల్పాటి రేకు పళ్ళెం పెట్టి మొదటి మడ్డినీటిని పట్టుకొనవలెను. అందులో రంపపు పొట్టు గాని ఊక గాని వేస్తే జిడ్డంతా పీల్చుకొంటుంది. ఆ పొట్టును సంచిలో కట్టి, నూనె మార్చినప్పుడు వచ్చే పాత నూనెతో పాటు సర్వీసు కేంద్రానికి అప్పగించవచ్చును. ప్రమాదకర వ్యర్థాల 2016 నాటి నియమాల ప్రకారం వాడిన నూనె అనుమతి పొందిన శుద్ధి కర్మాగారాలకే చేరవలసి ఉన్నది. పళ్ళెం లేనివారు పాత నూనె డబ్బాను నిలువున కోసి పరచినా సరిపోతుంది.