కొండలకు లేని పొలిమేర

బళ్ళారినుండి రాయదుర్గం వచ్చే రైలులో కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి కనబడేవి బండలే. గుండుమీద గుండు పేర్చినట్లున్న ఆ గుట్టలను చూచి, ఇక్కడ ప్రాణి ఎట్లు బ్రతుకునని ఆశ్చర్యపడడం సహజం. అనంతపురం సీమలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే గదా!

ఈ గ్రానైటు శిలల వయస్సు దాదాపు 250 కోట్ల ఏండ్లు. పగలు ఎండకు కాగి, రాత్రి చల్లబడి, పొరలు పొరలుగా ఊడి అవి గుండ్రబడినవి. బోడిబండపై పడిన వాన జారి, రాళ్ల సందులలోని మట్టికి చేరుతుంది. అందుచేతనే చుట్టుప్రక్కల చేలు ఎండినా, బండల నడుమ రేగు, సీతాఫలం వంటి చెట్లు నిలుస్తాయి.

ఆ సందులలోని గుహలే ఎలుగుబంటికి ఇల్లు. చలికాలంలో తల్లి అక్కడనే పిల్లలను కని, కొన్ని నెలలపాటు వీపుపై మోస్తూ తిరుగుతుంది. దాని పైపలువరుసలో నడిమి పళ్లు రెండు ఉండవు. ఆ ఖాళీగుండానే చెదలను పీల్చుకొంటుంది. తిన్న పండ్ల గింజలను వేరొక గుట్టపై విడిచి, తెలియకుండానే తోట వేస్తుంది. పసుపు గొంతు పిగిలిపిట్టయైతే దక్షిణ భారతపు రాతిగుట్టలలో తప్ప లోకంలో మరెక్కడా లేదు.

రాయదుర్గం తాలూకా ఒకప్పుడు బళ్ళారి జిల్లాలోనిదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు రాయదుర్గం ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు చెందినవి. హంపీ సమీపాన ఉన్న దరోజి గుట్టలను 1994లో కర్ణాటక ప్రభుత్వం ఎలుగుబంట్ల అభయారణ్యంగా ప్రకటించింది. ఇటు రాయదుర్గం గుట్టలకు ఆ భాగ్యం కలుగలేదు. ఎలుగును వేటాడరాదని 1972నాటి వన్యప్రాణి చట్టం ఇరువైపులా శాసిస్తున్నది. కాని ఇల్లు పోయిన తరువాత ప్రాణికి అభయమిచ్చి ఏమి ఫలం? పలకలుగా కోసిన బండ మరల మొలవదు. దానితోపాటు గుహ, నీటిచెమ్మ, రేగుపొద అన్నీ పోతాయి.

అప్పుడు ఎలుగు నీటికై, పండ్లకై ఊరివైపు దిగుతుంది. వేకువజామున చేనికి పోయే రైతుకు అది ఎదురైతే కలిగే ఆపద చిన్నది కాదు. అతని భయం నిజమైనదే. గుట్టమీద మేత, నీరు మిగిలి ఉండడమే రైతుకూ ఎలుగుకూ క్షేమం.

రాయదుర్గం కోటకొండ నీడలో చదువుకొనే బాలబాలికలకు ఆ కోటను ఏలిన పాలకుల పేర్లు చెబుతూనే ఉన్నాము. అటువంటి కొండలనే ఇల్లు చేసుకొన్న జీవుల పేర్లు కూడా ఇకమీద చెప్పవలసి ఉన్నది.