మోయగలిగినంత దూరమే వేట

నవంబర్ మూడో వారం వచ్చేసరికి మగ ఎల్క్ నోరు విప్పదు. సెప్టెంబర్‌లో లోయలు మార్మోగేలా అరుస్తూ, ఆడవాటి మందకు కాపలా కాస్తూ, పోటీకొచ్చినవాటితో కొమ్ములు కలిపి కుమ్ములాడిన పెద్ద జింక ఇదేనా అనిపిస్తుంది. ఆ జతకట్టే కాలంలో దానికి మేత మీద ధ్యాస ఉండదు. ఒంటి బరువులో ఐదో వంతు దాకా కరిగిపోతుంది. ముందేమో చలికాలం. అందుకే మందను వదిలి ఒంటరిగానో, ఒకటి రెండు మగవాటితో కలిసో, మనిషి అలికిడి లేని మూలకు చేరుతుంది. తింటుంది, పడుకుంటుంది, అంతే.

నేనుండేది డెన్వర్ దగ్గర. ఈసారి లాటరీలో కొలరాడో నాలుగో రైఫిల్ సీజన్ లైసెన్స్ వచ్చింది. చోటు ఫ్లాట్ టాప్స్ కొండల పడమటి అంచు, మీకర్ ఊరి వైపు. అటు ఎన్నడూ అడుగుపెట్టలేదు. సీజన్ ఐదు రోజులే కాబట్టి కొండను అక్కడికెళ్లి నేర్చుకునే తీరిక ఉండదు, ఇంట్లోనే నేర్చుకోవాలి.

బొబ్బిలి నుంచి మా అక్క ఫోన్ చేసినప్పుడల్లా "ఎందుకురా ఆ పాపం?" అంటుంది. ఆమె బాధను నేను తేలిగ్గా తీసుకోను. మన దేశంలో 1972 చట్టం వన్యప్రాణుల వేటను నిషేధించింది, అది అలాగే ఉండాలి. ఇక్కడి పరిస్థితి వేరు. హద్దూపద్దూ లేని వేట వల్ల 1900 నాటికి కొలరాడోలో ఎల్క్‌లు దాదాపు కనుమరుగయ్యాయి. 1912 నుంచి వ్యోమింగ్‌లో పట్టి తెచ్చి ఇక్కడ వదిలారు. ఇప్పుడు రెండున్నర లక్షలకు పైనే ఉన్నాయి. ఏ ప్రాంతంలో ఎన్నింటిని వేటాడనివ్వాలో ప్రభుత్వం లెక్కగట్టి లైసెన్సులిస్తుంది. ఆ రుసుములూ, 1937 చట్టం ప్రకారం తుపాకులూ తూటాల మీద వచ్చే పన్నూ వన్యప్రాణుల రక్షణకే వెళ్తాయి. తినదగ్గ మాంసాన్ని కొండ మీద వదిలేయడం ఇక్కడ నేరం. నా ఏర్పాట్లన్నీ మొదలయ్యేది ఆ చివరి మాట దగ్గరే.

ఫోర్ట్ కాలిన్స్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు నాతో వస్తున్నాడు. డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరచగానే "మామయ్యా, ఎల్క్‌లు ఎక్కడుంటాయో చూపించు" అన్నాడు. "ముందు రోడ్డెక్కడుందో చూడరా" అన్నాను. ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోలు తూగుతుంది. ఎముకలు తీసేసినా 90, 100 కిలోల మాంసం ఉంటుంది. మంచులో, 9,000 అడుగుల ఎత్తున, ఒక మనిషి ఒక విడతకు 30 కిలోలు మోస్తే గొప్ప. ఇద్దరం రెండేసి సార్లు వెళ్లిరావాలి, తలా కొమ్ములూ కాక. అందుకని బండి ఆగే చోటు నుంచి మూడు కిలోమీటర్లకు పెన్సిల్‌తో గీత గీశాను. ఆ గీత లోపలైనా సరే, బరువుతో నిట్టనిలువు ఎక్కాల్సిన లోయలన్నిటినీ కొట్టేశాను. వాటిలో ఎంత పెద్ద కొమ్ములవాడు నిలబడి ఉన్నా అది నా వేట కాదు.

మిగిలిన జాగాలో ఎల్క్‌ను వెతకడం మొదలైంది. దక్షిణం వైపు వాలుకు ఎండ తగిలి మంచు కరుగుతుంది, గడ్డి బయటపడుతుంది. శిఖరానికి అవతల, ఉత్తరం వాలు మీద, ఫర్ చెట్లు దట్టంగా ఉంటాయి. అలసిన మగదానికి ఈ రెండూ నాలుగడుగుల దూరంలో దొరకాలి, ఎందుకంటే నడిస్తే ఒంట్లో మిగిలిన కొవ్వు ఖర్చవుతుంది. కాంటూర్ గీతలు దగ్గరదగ్గరగా వచ్చి, నడుమ ఒక్కచోట కాస్త ఎడమైతే అక్కడ ఏటవాలులో చిన్న చదును ఉందన్నమాట. పడక అక్కడే వేస్తుంది. అలాంటివి కొన్ని గుర్తుపెట్టాను. మంచు మోకాలి లోతు దాటితే ఎల్క్‌లు కిందికి దిగుతాయి కాబట్టి సేజ్ పొదలు, జూనిపర్ చెట్లున్న దిగువ కొండల్లోనూ కొన్ని చోట్లు చూసి ఉంచాను. అక్కడ ప్రైవేటు పొలాలెక్కువ. హద్దులు ఫోన్‌లోకి ముందే దింపుకోవాలి, కొండల్లో సిగ్నల్ ఉండదు.

ఆ ప్రాంతపు వన్యప్రాణి అధికారికి ఫోన్ చేశాను. "ఎల్క్‌లు ఎక్కడున్నాయి?" అని అడిగితే వచ్చేది మర్యాదపూర్వకమైన జవాబే. ఏ రోడ్డు ఏ పాటి మంచుకు మూసుకుపోతుంది, ఏ గేటుకు ఎప్పుడు తాళం పడుతుంది అని అడిగితే ఓపిగ్గా చెప్పారు. దాంతో నా మ్యాపు మీది రెండు చోట్లు ఎగిరిపోయాయి.

చలి సంగతి ఎవరైనా చెబుతారు గానీ, కొన్ని చిన్న విషయాలు దాటిపోతాయి. తుపాకి బోల్టుకు పూసిన నూనె గడ్డకట్టే చలిలో చిక్కబడుతుంది, తుడిచేయాలి. తుపాకిని వెచ్చని గుడారంలోకి తెస్తే స్కోపుకు ఆవిరి పడుతుంది, బయటే భద్రంగా ఉంచాలి. నీళ్ల సీసా తలకిందులుగా పెడితే మూత దగ్గర మంచు కట్టదు. నూలు బనీను వద్దు, ఉన్నిది వేసుకోవాలి. మెరిసే నారింజ లేదా గులాబీ రంగు చొక్కా, టోపీ చట్టప్రకారం తప్పనిసరి.

ఇక గాలి. పొద్దున చల్లగాలి వాలు వెంట కిందికి జారుతుంది, ఎండెక్కాక పైకి లేస్తుంది, సాయంత్రం మళ్లీ దిగుతుంది. మన వాసన అందితే చాలు, ఎల్క్ ఆ కొండే ఖాళీ చేస్తుంది. అందుకే ప్రతి చోటుకూ పొద్దుటి దారి వేరు, సాయంత్రపు దారి వేరు రాసుకున్నాను. చాలా ప్రాంతాల్లో లాగే ఇక్కడా మగదాన్ని కాల్చాలంటే ఒక కొమ్ముకైనా నాలుగు మొనలుండాలి, లేదా నుదుటి దగ్గరి మొన 5 అంగుళాలుండాలి. దుర్బిణిలో అవి తేలేదాకా తుపాకి ఎత్తను. 300 గజాలు దాటితే కాల్చను. ఎక్కువ దూరం కొట్టగల తుపాకులు ఉన్నాయి, నిజమే. గాయపడి పారిపోయిన జంతువు చీకటి అడవిలో ఏమవుతుందో ఆలోచించేవాడికి ఆ వాదన పనికిరాదు.

కూలిన వెంటనే తోలు ఒలవాలి. ఎంత చలిలోనైనా ఆ మందపాటి తోలు వేడిని పట్టి ఉంచి, తుంటి ఎముక దగ్గర మాంసాన్ని పాడుచేస్తుంది. రెండు కత్తులు, తలకు కట్టుకునే దీపాలు, గుడ్డ సంచులు ఇప్పటికే బ్యాగులో ఉన్నాయి. మేం తిరిగే చోట్లూ, తిరిగొచ్చే వేళలూ మా ఆవిడకు రాసిచ్చాను.

మేనల్లుడితో చివరి మాట కూడా అయిపోయింది. ఐదో రోజు మధ్యాహ్నం దాటాక, బండికి కిలోమీటరు లోపల కనబడితేనే కాలుస్తాం. వాడికి సోమవారం పొద్దున క్లాసుంది, సగం మాంసం కొండ మీద వదిలి వాణ్ని కాలేజీకి పంపలేను.